గాలం వేయడానికి పన్నెండుగురం వెళ్తున్నాం, ఏ బోటు ఎక్కాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సముద్రంలో చేపలు పట్టడానికి గుంపుగా వెళ్లడం గురించే. టెక్సస్‌లో బడులకు సెలవులిచ్చే కాలం, పైగా జూన్ 1న చార్టర్ బోట్లకు, అంటే అద్దెకు మాట్లాడుకునే బోట్లకు, రెడ్ స్నాపర్ అనే చేపను పట్టే సీజన్ మొదలవుతుంది. నేను పుట్టి పెరిగింది కాకినాడ పక్కన ఉప్పాడలో, వేటకెళ్లే ఇంట్లో. ఇప్పుడు టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ రేవులో ఒక చార్టర్ ఆఫీసులో బుకింగులు చూస్తాను. ఫోన్లో ఎంతో హుషారుగా మాట్లాడినవాళ్లు సాయంత్రం బోటు దిగేటప్పుడు ఎలా ఉంటారో రోజూ చూస్తుంటాను. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: అక్కా, మేం ఫ్రిస్కోలో ఉంటాం. నాలుగు కుటుంబాలు కలిసి పన్నెండుగురం జూన్‌లో గాల్వెస్టన్ వచ్చి డీప్ సీ ఫిషింగ్‌కు వెళ్దామనుకుంటున్నాం. మాలో ఎవరూ ఇంతవరకు సముద్రంలో గాలం వేయలేదు. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారికి 68 ఏళ్లు. పిల్లలు ముగ్గురు, చిన్నదానికి ఆరేళ్లు. పన్నెండు గంటల ట్రిప్ అయితేనే రెడ్ స్నాపర్ పడుతుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. తనకు తెలిసిన చిన్న బోటాయన అందర్నీ తక్కువకే తీసుకెళ్తాడని ఇంకొకతను అంటున్నాడు. మా ఆవిడకు తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినా వాంతులే. ఒడ్డునే ఉండిపోతానంటోంది, అందరం బతిమాలుతున్నాం. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: తమ్ముడూ, ముందు మీ ఆవిడను బతిమాలడం ఆపండి. ఆ అమ్మాయికి తన ఒళ్లు సంగతి తెలుసు. ఒడ్డున ఉంటానంటే ఉండనివ్వండి. బీచ్ ఉంది, స్ట్రాండ్ వీధి ఉంది, సాయంత్రం మీరు తెచ్చే చేపలు తినడానికి ఎలాగూ ఉంటుంది.

మీ లెక్క స్నాపర్ దగ్గర మొదలైంది. నేనైతే మీ ఆవిడ దగ్గర, మీ నాన్నగారి దగ్గర, ఆ ఆరేళ్ల పాప దగ్గర మొదలుపెడతాను. గుంపుగా వెళ్లేటప్పుడు అందరికంటే తట్టుకోలేని మనిషి ఎవరో ముందు చూసుకుని, ఆ మనిషికి సరిపడే బోటు, సరిపడే గంటలు ఎంచుకోవాలి. కారులో అయితే పక్కకు తీసి ఆపుతారు. బోటులో సగం దారిలో దిగడం కుదరదు. పన్నెండు గంటల ట్రిప్‌లో మూడో గంటకే ఒకరికి వాంతులు మొదలైతే మిగిలిన తొమ్మిది గంటలూ ఆ మనిషి రెయిలింగ్ పట్టుకుని ఉండాల్సిందే. పక్కన ఉన్న మీకూ గాలం మీద మనసుండదు.

గాల్వెస్టన్ సంగతి ఒకటి తెలుసుకోండి. ఇక్కడ సముద్రం నెమ్మదిగా లోతెక్కుతుంది. ఒడ్డు దగ్గర మట్టిరంగు నీళ్లు, ఆపైన ఆకుపచ్చ, చాలా దూరం పోతే కానీ నీలం కనపడదు. స్నాపర్ ఉండే రాళ్లు, మునిగిన ఓడలు, చమురు ప్లాట్‌ఫాంల కాళ్లు ఉన్న చోటికి పెద్ద బోటులో వెళ్లడానికే రెండు మూడు గంటలు పడుతుంది, రావడానికి మళ్లీ అంతే. అందుకే ట్రిప్ అంత పొడుగు. మీ ఫ్రెండ్ చెప్పింది అబద్ధం కాదు. కానీ మొదటిసారి వెళ్లే పన్నెండుగురిలో ఆరేళ్ల పాప, 68 ఏళ్ల పెద్దాయన ఉన్నప్పుడు అది సరైన ట్రిప్ కాదు.

చిన్న బోటాయన దగ్గరికి వద్దాం. దీని గురించి గట్టిగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోవద్దు. అమెరికాలో కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ లేని బోటులో డబ్బు తీసుకుని ఆరుగురికి మించి ఎక్కించకూడదు. అందుకే వాటిని సిక్స్ ప్యాక్ బోట్లంటారు. మీ పాప కూడా ఒక మనిషి కిందే లెక్క. పన్నెండుగురిని ఎక్కించుకోవాలంటే బోటుకు తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి, నడిపే క్యాప్టెన్‌కు ఆ స్థాయి లైసెన్సు ఉండాలి. ఆ సర్టిఫికెట్ బోటులో అందరికీ కనపడేలా పెట్టి ఉంటుంది. బుక్ చేసేటప్పుడే ఫొటో అడగండి. ఉన్నవాడు నిమిషంలో పంపిస్తాడు. "ఏం పర్లేదు, చూసుకుందాం" అన్నాడంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఆ బోటుకు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా ఎదురు తిరుగుతుంది.

ఇక నా సలహా. పన్నెండుగురూ కలిసే ఉండాలంటే నాలుగు గంటల బే ట్రిప్ తీసుకోండి. బే అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన చిన్న అఖాతం. బోటు బే లోపల, రాతి జెట్టీల దగ్గర తిరుగుతుంది, పెద్ద అల ఉండదు. శాండ్ ట్రౌట్, క్రోకర్ లాంటి చిన్న చేపలు పడతాయి. పిల్లలకు కావలసింది పెద్ద చేప కాదు, గాలం మాటిమాటికీ కదలడం. మీ నాన్నగారు కూర్చుని గాలం పట్టుకోవచ్చు. స్నాపర్ పట్టి తీరాలన్నవాళ్లు ఆరుగురు మించకుండా ఉంటే, మర్నాడు వాళ్లకు వేరే సిక్స్ ప్యాక్ బోటు మాట్లాడుకోండి. లేదా మనిషికింత అని టికెట్ తీసుకునే పెద్ద పార్టీ బోటు ఎక్కండి. పార్టీ బోటులో పరిచయం లేనివాళ్లు కూడా ఉంటారు, రెయిలింగ్ పొడవునా వరుసగా నిలబడి గాలాలు వేస్తారు. బోటు పెద్దది కాబట్టి ఊపు తక్కువ, మరుగుదొడ్డి సరిగ్గా ఉంటుంది. ఆడవాళ్లు ఈ మరుగుదొడ్డి సంగతి తప్పకుండా ముందే అడగాలి. చిన్న బోట్లలో కొన్నింటికి అసలు ఉండదు, కొన్నింటిలో మోకాళ్లు ముడుచుకుని కూర్చునేంత గది ఉంటుంది. ఇది అడగడానికి మొహమాటపడి రోజంతా మంచినీళ్లు తాగకుండా గడిపిన ఆడపిల్లలు నాకు తెలుసు. టెక్సస్ జూన్ ఎండలో అది ప్రమాదం.

లైసెన్సు గురించి. టెక్సస్‌లో చార్టర్ బోటు ఎక్కినా గాలం పట్టే పెద్దవాళ్లకు ఎవరి లైసెన్సు వాళ్లకుండాలి. 17 ఏళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. మీ నాన్నగారి లాంటి సందర్శకులకు ఒక్కరోజు లైసెన్సు దొరుకుతుంది. ఇవన్నీ ముందురోజు రాత్రే తీసుకోండి, తెల్లవారుజామున రేవులో ఫోన్లు పట్టుకుని సిగ్నల్ కోసం వెతుక్కోవద్దు. ఫ్రిస్కో నుంచి ఐదు గంటల ప్రయాణం కాబట్టి ఎలాగూ ముందురోజే వచ్చి పడుకోవాలి. నిద్ర లేని ఒంటికి సముద్రం అస్సలు పడదు.

వాంతుల మాత్రల గురించి. అమెరికాలో మందుల షాపులో మామూలుగా దొరికేది మెక్లిజిన్, లేదంటే డ్రామమైన్. ఇవి వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయవు, ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించే స్కోపలమైన్ ప్యాచ్‌కు డాక్టర్ చీటీ కావాలి, బయల్దేరడానికి కనీసం నాలుగు గంటల ముందు అంటించుకోవాలి. గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకు ఈ మందులు ఇబ్బంది పెట్టగలవు కాబట్టి మీ నాన్నగారి విషయంలో డాక్టరును అడగాల్సిందే. ఆయన ఇండియా నుంచి స్టుజెరాన్, అవోమిన్ తెచ్చుకుని ఉంటే వాటినీ వీటినీ కలిపి వేయకండి. పిల్లలకు పెద్దవాళ్ల మాత్ర విరిచి సగం పెట్టడం అసలే వద్దు, పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

ఖాళీ కడుపుతో ఎక్కడం మన వాళ్లలో చాలామంది చేసే పొరపాటు. తింటే వాంతవుతుందని భయం. ఖాళీ కడుపే ఎక్కువ తిప్పుతుంది. తెల్లవారుజామున రెండు ఇడ్లీలు, నెయ్యీ కారప్పొడీ లేకుండా, లేదా కాస్త పెరుగన్నం. దారిలో మరమరాలు, అల్లం ముక్క, ఓఆర్‌ఎస్ నీళ్లు. పులిహోర మధ్యాహ్నానికి ఉంచుకోండి. బోటులో క్యాబిన్ లోపల కూర్చుని ఫోన్ చూస్తే పది నిమిషాల్లో కళ్లు తిరుగుతాయి. వెనక భాగంలో, గాలి తగిలే చోట నిలబడి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడాలి. వాంతి వస్తే సిగ్గుపడకుండా గాలి వచ్చే వైపు కాకుండా రెండోవైపు రెయిలింగ్ దగ్గరికి వెళ్లండి. మరుగుదొడ్డిలోకి వెళ్లి తలుపేసుకోవద్దు.

అరటిపండ్లు మాత్రం పట్టుకెళ్లకండి. ఇక్కడి వేట బోట్లవాళ్లకు అరటిపండు బోటెక్కితే చేప పడదని గట్టి నమ్మకం. మా ఊళ్లో గంగమ్మ తల్లికి కొబ్బరికాయ, అరటిపండ్లు పెట్టి మరీ పడవ దింపుతారు కాబట్టి మొదట్లో నాకు వింతగా అనిపించింది. ఎవరి నీళ్లలో వాళ్ల నమ్మకాన్ని గౌరవించాలి. యాపిల్ పట్టుకెళ్లండి.

స్నాపర్‌కు వెళ్లే మీ ఆరుగురికి ఒక్క మాట. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పర్మిట్ ఉన్న చార్టర్ బోటులో మనిషికి రోజుకు రెండే రెడ్ స్నాపర్లు, ఒక్కొక్కటి కనీసం 16 అంగుళాలు ఉండాలి. క్యాప్టెన్‌కూ, బోటులో పనిచేసే సహాయకుడు డెక్‌హ్యాండ్‌కూ వాటా లేదు, వాళ్ల పేరు మీద అదనంగా ఉంచుకోవడం కుదరదు. ఎరగా స్క్విడ్ ముక్కో సార్డీనో గుచ్చి, గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ హుక్ ఇస్తారు. చేప కొట్టగానే రాడ్‌ను విసురుగా పైకి లాగాలని చెయ్యి ఆత్రపడుతుంది. లాగకండి. లాగితే గాలం నోట్లోంచి జారిపోతుంది. బరువు తెలిసేదాకా ఆగి, రీలు మెల్లగా, ఆపకుండా చుట్టుకుంటూ పోతే గాలం దానంతటదే దవడ మూలకు దిగుతుంది.

చిన్న స్నాపర్ పైకొచ్చినప్పుడు ఒక్కోసారి నోట్లోంచి గులాబీ రంగు బుడగ లాంటిది బయటికి పొడుచుకొచ్చి, కళ్లు ఉబ్బి ఉంటాయి. చూసినవాళ్లు నాలుక అనుకుంటారు, అది దాని పొట్ట. లోతులోంచి ఒక్కసారిగా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బి పొట్టను బయటికి నెట్టేస్తుంది. దాన్ని అలాగే నీళ్లలోకి విసిరేస్తే మునగలేక పైనే తేలుతూ పక్షుల పాలవుతుంది. డెక్‌హ్యాండ్ దాని దవడకు బరువున్న క్లిప్ తగిలించి తాడుతో లోతుకు దింపుతాడు, కింద ఒత్తిడికి గాలితిత్తి సర్దుకున్నాక క్లిప్ ఊడి చేప బతికిపోతుంది. ఆ పొట్టను ఎవరూ సూదితో పొడవకుండా చూడండి. ఆ నిమిషం మీ గాలం ఆగినా ఓపిక పట్టండి. ఆ చేప రేపు ఇంకో ఇంటి పిల్లల గాలానికి పడాలి కదా.

ప్రశ్న: అక్కా, మేం ఎనిమిది మంది రెండు నెలల ముందే ఒక బోటు మాట్లాడుకున్నాం. మేం రేవుకు బయల్దేరుతుండగా తెల్లవారుజామున నాలుగున్నరకు క్యాప్టెన్ ఫోన్ చేసి ట్రిప్ లేదన్నాడు. బయట చూస్తే నక్షత్రాలు, తర్వాత మంచి ఎండ. డిపాజిట్ వెనక్కిచ్చాడు కానీ మూడు హోటల్ గదుల డబ్బు పోయింది. ఎక్కువ బేరం ఏదో తగిలి మమ్మల్ని వదిలేశాడని మా అందరి అనుమానం. ఇలాంటివాళ్లను ఏమీ అనలేమా?
ఒక పాఠకురాలు, షుగర్ ల్యాండ్, టెక్సస్

జవాబు: అమ్మా, డబ్బు పోయిన బాధ నాకర్థమవుతుంది. అయినా ఆ క్యాప్టెన్ పక్షానే మాట్లాడతాను.

ఒడ్డున ఎండకీ సముద్రంలో అలకీ సంబంధం లేదు. ముందురోజంతా దక్షిణం గాలి గట్టిగా వీచి ఉంటే, గాలి పడిపోయాక కూడా నీళ్లు చాలాసేపు కొట్టుకుంటూనే ఉంటాయి. మీరే చూసుకునే దారి చెప్తాను. గాల్వెస్టన్‌కు తూర్పున 22 నాటికల్ మైళ్ల దూరంలో సముద్రంలో 42035 నంబరు బోయ (నీళ్ల మీద తేలుతూ కొలతలు తీసే పరికరం) ఉంది. అక్కడ గాలెంత, అలెంత అన్నది నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. అందులో అల ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోకండి, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. నాలుగడుగుల అల తొమ్మిది సెకన్లకొకటి వస్తే బోటు మెల్లగా ఎక్కి దిగుతుంది. అదే నాలుగడుగులు నాలుగు సెకన్లకొకటి వస్తే గతుకుల రోడ్డు మీద ఆర్టీసీ బస్సు వెనక సీటులో కూర్చున్నట్టే, నడుము విరుగుతుంది. పైగా ఫోర్‌కాస్ట్‌లో చెప్పే ఎత్తు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. నాలుగడుగులు అన్నారంటే మధ్యమధ్య దానికి రెట్టింపు అల కూడా రావచ్చన్నమాట.

ట్రిప్ మానేసిన రోజు క్యాప్టెన్‌కూ డెక్‌హ్యాండ్‌కూ కూలి లేదు. డిపాజిట్ ఇచ్చేశాడంటే ఆ రోజు సంపాదన వదులుకున్నాడు. మా తీరం నుంచి వెళ్లిన మనిషిగా ఒక మాట చెప్పాలి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తుఫాను తీరం దాటినప్పుడు వేటకెళ్లినవాళ్లు వందల మంది తిరిగి రాలేదు. అప్పుడు నేను బడిపిల్లను. కబురు అందక, అందినా చేతికొచ్చిన వేట వదులుకోలేక సముద్రంలో ఉండిపోయిన మనుషులు వాళ్లు. వద్దు అని ముందే చెప్పగలిగే మనిషి దొరకడం ఎంత పెద్ద సంగతో మా వీధిలో ప్రతి ఇంటికీ తెలుసు. వాతావరణం బాగాలేకపోయినా మీ మొహమాటానికో మీ డబ్బుకో బయల్దేరే క్యాప్టెన్ ఉంటే, నేను భయపడాల్సింది అతనికి.

ఈసారికి చేయాల్సింది ఇది. బోటు బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు మెసేజ్‌లో రాయించుకోండి: వాతావరణం వల్ల ఆయన మానేస్తే డబ్బు వెనక్కిస్తారా లేక తేదీ మారుస్తారా, మీరు మానేస్తే ఎంత పోతుంది, ఎన్ని గంటలకల్లా చెప్తారు. హోటల్ ఎప్పుడూ క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే. వీలైతే జూన్, జులై, ఆగస్టుల్లో రండి, చలికాలంలో ఉత్తరం గాలులతో ట్రిప్‌లు ఎక్కువగా పోతుంటాయి. అయితే జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం కూడా, కాబట్టి ఖాళీగా రెండో తేదీ ఒకటి చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: మేడమ్, మా ఆయన వాళ్ల ఆఫీసు గ్రూపుతో గాల్వెస్టన్ వెళ్లి పెద్ద కింగ్ ఫిష్ పట్టుకొచ్చారు. అచ్చం మన వంజరంలా ఉంది. నాకు అయిదో నెల. పులుసు పెట్టుకుని తినొచ్చా? ఇంకో సంగతి, తలకాయలు అక్కడే పారేసి వచ్చారట, నాకు ఏడుపొచ్చింది.
ఒక పాఠకురాలు, కేటీ, టెక్సస్

జవాబు: తల్లీ, ముందుగా శుభాకాంక్షలు. అది మన వంజరానికి దగ్గర చుట్టమే, రెండూ ఒకే కుటుంబం చేపలు. కానీ మీరు ఇప్పుడు దాన్ని తినొద్దు. కింగ్ మాకరెల్‌లో పాదరసం ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు అసలు తినకూడదని అమెరికా ప్రభుత్వం ఇచ్చిన జాబితాలో అది సొరచేప, కత్తిచేపల పక్కనే ఉంది. పెద్ద చేప చిన్న చేపల్ని ఏళ్ల తరబడి తిని పాదరసాన్ని ఒంట్లో పోగేసుకుంటుంది. ఉడికించినా, చింతపండు వేసినా అది పోదు. ఇండియన్ స్టోరులో కింగ్ ఫిష్ పేరుతో అమ్మే ముక్కల దగ్గరా ఇప్పుడు ఆగండి. మీవారినీ వాళ్ల స్నేహితులనూ తినమనండి. స్నాపర్ అయితే వారానికోసారి మీరు తినొచ్చు, అది అదే జాబితాలో మంచి చేపల వరసలో ఉంది. అయినా ఒకసారి మీ డాక్టరుకు చెప్పి తినండి.

తలకాయల గురించి మీ బాధ నా బాధ కూడా. ఒడ్డుకు చేరేదాకా స్నాపర్ లాంటి చేపల తల, రెక్కలు తీయకూడదని రూలు. కాబట్టి చేప మొత్తంగానే రేవుకు వస్తుంది. అక్కడ బల్ల దగ్గర డెక్‌హ్యాండ్ కత్తి తీసుకుని రెండు పక్కలా కండ చీరేసి, తలా ముల్లూ పెలికాన్లకు విసిరేస్తాడు. అతను కోయడం మొదలుపెట్టకముందే చెప్పాలి: తలలు నాకు కావాలి, మొప్పలు తీసి ఇవ్వండి, కండ చీరొద్దు, పొలుసు గీరి అడ్డంగా ముక్కలు కొట్టండి అని. కొందరు చేసిస్తారు, కొందరికి అడ్డంగా కొట్టడం అలవాటుండదు. అలాంటప్పుడు పొట్ట శుభ్రం చేయించుకుని మొత్తం చేప తెచ్చుకుని ఇంట్లో కత్తిపీట మీద కోసుకోవడం మేలు. స్నాపర్ తలకాయ పులుసు తినకపోతే స్నాపర్ తిన్నట్టే కాదు, నా మాట నమ్మండి. రాత్రి పెట్టి పొద్దున తింటే ఇంకా బాగుంటుంది.

ఐస్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. కింగ్ ఫిష్, ట్యూనా, మాహీ మాహీ లాంటివి ఎండలో కాసేపున్నా వాటిలో హిస్టమిన్ పుడుతుంది. తిన్నాక మొహం ఎర్రబడి దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఎంత ఉడికించినా అది పోదు. ఇంటికి తెచ్చేటప్పుడు కూలర్లో కింద ఐస్, పైన ఐస్, మధ్యలో చేప. కరిగిన నీళ్లు దారిలో వంపేస్తూ రావాలి.

ప్రశ్న: అక్కా, మేం అట్లాంటా దగ్గర ఉంటాం. గాల్వెస్టన్ దూరం. పిల్లలతో ఫ్లోరిడా తీరంలోని డెస్టిన్ వెళ్తే ఎలా ఉంటుంది?
ఒక పాఠకుడు, ఆల్ఫరెట్టా, జార్జియా

జవాబు: మీకు డెస్టినే నయం. అక్కడ సముద్రం ఒడ్డుకు దగ్గర్లోనే లోతెక్కుతుంది కాబట్టి సగం పూట ట్రిప్‌లో కూడా పెద్ద చేపలున్న చోటు చేరుకోవచ్చు. పిల్లలున్నవాళ్లకు అది పెద్ద లాభం. ఫ్లోరిడాలో చార్టర్ బోటు లైసెన్సే అందులో ఎక్కినవాళ్లందరికీ వర్తిస్తుంది, మీరు విడిగా తీసుకోనక్కర్లేదు. పిల్లల లైఫ్ జాకెట్లు మాత్రం మీరే కొని తీసుకెళ్లండి. బోటులో ఉంటాయి కానీ మీ పిల్లల బరువుకు సరిపోయేవి ఉంటాయన్న నమ్మకం లేదు. జాకెట్ లోపల ఎన్ని పౌండ్ల వారికో రాసి ఉంటుంది. వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం, చెవులు దాటి పైకి లేస్తే ఆ జాకెట్ పనికిరాదు.

చేపను పిల్లలు సొంతంగా ముట్టుకోకూడదన్న మాట బోటెక్కే ముందే చెప్పండి. మన జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో తీరం పిల్లలకు తెలుసు, అట్లాంటాలో పుట్టినవాళ్లకు తెలియదు. అక్కడి సముద్రపు క్యాట్‌ఫిష్ ముల్లు అంతే. చారల చారల లయన్‌ఫిష్ ముల్లు ఇంకా ఘోరం. గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా పెట్టి ఉంచి, ఆపైన డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: మేం విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాం. అమెరికాలో లాగే ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు మాట్లాడుకుని పదిహేను మంది సముద్రంలోకి వెళ్లి గాలం వేద్దామనుకుంటున్నాం. డబ్బు ఎంతివ్వాలి?
ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: నాయనా, ఎంతా ఇవ్వొద్దు. హార్బర్‌లో ఉన్న మరబోటుకు వేట లైసెన్సు ఉంటుంది, అది ప్రయాణికులను ఎక్కించుకోవడానికి కాదు. దాని డెక్ మీద వలలు, మోకులు, ఐస్ పెట్టెలు ఉంటాయి, పట్టుకోవడానికి సరైన రెయిలింగ్ ఉండదు. అందులో పనిచేసేవాళ్లు చిన్నప్పటి నుంచి నీళ్ల మీద నిలబడటం నేర్చుకున్నవాళ్లు. మీరు ఎక్కి ఏదైనా జరిగితే, డబ్బు కోసం ఒప్పుకున్న ఆ బోటాయన కుటుంబం కూడా వీధిన పడుతుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును మీరు పేపర్లో చూసే ఉంటారు. అది నది. మీరు వెళ్దామంటున్నది సముద్రం.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మీ వేసవి సెలవులు అందులోనే పడతాయి. గాలం మీద నిజంగా ఇష్టముంటే ఒడ్డున నేర్చుకోండి. ఒడ్డు నుంచి గాలం వేసే పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని ముడి వేయడం, ఎర గుచ్చడం, అల చూడటం నేర్చుకుంటే ఏ క్యాప్టెనూ నేర్పనంత వస్తుంది. రాళ్ల మీద పాకుడు ఉంటే మాత్రం అక్కడికి దిగొద్దు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. అలల ఎత్తు ఎంతుంటుందో, చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు రోజూ చెప్పేది ఆ సంస్థే. చదువుకునే పిల్లలు కదా, ఆ అలల ఫోర్‌కాస్ట్ చదవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: చార్టర్‌కు అంత డబ్బు కట్టాక మళ్లీ డెక్‌హ్యాండ్‌కు టిప్ ఎందుకండీ? మా గ్రూపులో పెద్ద గొడవైంది.
ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: ఎందుకంటే చాలా బోట్లలో అతని సంపాదనలో పెద్ద భాగం అదే. అతను మీకంటే రెండు గంటల ముందు వచ్చి ఐస్ నింపి, ఎర కోసి, గాలాలు కట్టి పెడతాడు. మీ పన్నెండు గాలాలు చిక్కుపడితే విప్పేది అతనే, మీలో ఒకరు వాంతి చేసుకుంటే కడిగేదీ అతనే. చార్టర్ ధర మీద నూటికి 15 నుంచి 20 ఇవ్వడం ఇక్కడి పద్ధతి. చేపలు పడలేదని తగ్గించకండి, చేపను అతను పుట్టించలేడు. బోటెక్కే ముందే మనిషికింత అని వసూలు చేసి ఒక కవర్లో నగదు పెట్టి ఒకరి దగ్గర ఉంచండి. సాయంత్రం అలసిపోయి ఎండలో నిలబడి లెక్కలేసుకుంటే గొడవలే వస్తాయి. చేపలు శుభ్రం చేసినందుకు కొన్ని రేవుల్లో విడిగా తీసుకుంటారు, అది టిప్‌లో కలవదు. ఎంతో బుక్ చేసేటప్పుడే అడిగేయండి.